ఊరంతా ఐదు మెగాబైట్లు

1878 ఫిబ్రవరి 21న అమెరికాలోని న్యూహేవన్ పట్టణంలో ఒక అట్టముక్క అచ్చయింది. దాని మీద ఉన్నవి యాభై పేర్లు. ప్రపంచంలో తొలి టెలిఫోన్ డైరెక్టరీ అదే. అందులో ఒక్క ఫోన్ నంబరూ లేదు. ఫలానా వారు కావాలని ఎక్స్ఛేంజికి చెబితే అక్కడి మనిషి తీగ కలిపేవాడు. పేర్లను అక్షరక్రమంలో కూడా పెట్టలేదు. ఇళ్లు ఒకచోట, డాక్టర్లు ఒకచోట, పంటి వైద్యులు మరోచోట, ఆ తర్వాత దుకాణాలు, కర్మాగారాలు, మాంసం చేపల అంగళ్లు. అంటే డైరెక్టరీ పుట్టుకతోనే వ్యాపారాల జాబితా. మనిషి పేరు కంటే వాడు చేసే పని ముఖ్యమని ఆ అట్ట అచ్చువేసినవాళ్లకు ముందే తెలుసు.

నంబర్లు మరుసటి ఏడాది వచ్చాయి, అదీ తట్టు పుణ్యమా అని. 1879లో లోవెల్ పట్టణంలో తట్టు ప్రబలినప్పుడు, ఎక్స్ఛేంజిలో ఉన్న నలుగురు ఆపరేటర్లూ మంచాన పడితే కొత్తవాళ్లకు అన్ని పేర్లూ ఎలా గుర్తుంటాయని మోసెస్ పార్కర్ అనే డాక్టరుకు బెంగ పట్టుకుంది. చందాదారులకు అంకెలు ఇచ్చేయమన్నాడు. 1883లో షాయెన్ అనే ఊళ్లో డైరెక్టరీ అచ్చువేస్తుంటే తెల్ల కాగితం అయిపోయి ముద్రాపకుడు పసుపు కాగితం వాడాడని, వ్యాపారాల జాబితాకు ఎల్లో పేజెస్ అన్న పేరు అలా పుట్టిందని చెబుతారు. 1886లో షికాగోలో రూబెన్ డానెలీ దాన్ని పూర్తిస్థాయి వ్యాపారంగా మార్చాడు.

మన దేశంలో ఈ కథకు నాయకుడు వి.ఎస్.ఎస్. మణి. ఎల్లో పేజెస్ కంపెనీలో సేల్స్ పని చేస్తుండగా, పుస్తకం బదులు ఫోన్‌లోనే సమాచారం చెబితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు వచ్చింది. మొదటి ప్రయత్నం ఫలించలేదు. అప్పట్లో ఫోన్లున్న ఇళ్లే తక్కువ. 1996లో యాభై వేల రూపాయలతో, అద్దె కంప్యూటర్లతో ముంబైలో జస్ట్ డయల్ పెట్టాడు. వెబ్‌సైట్ వచ్చింది 2007లో. చిన్న పెట్టుబడి అనే మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అయితే సిద్దిపేటలో ఊరి దుకాణాల ఆన్‌లైన్ డైరెక్టరీ పెట్టాలనుకునే వాళ్లకు పాఠం నేర్పేది జస్ట్ డయల్ కాదు, యాహూ. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన వెబ్‌సైట్లను విభాగాలుగా విడదీసి జాబితా రాసుకున్నారు. యాహూ మొలిచింది అందులోంచే. మనుషులు కూర్చుని చూసి, చదివి, ఏ అరలో పెట్టాలో నిర్ణయించేవారు. వెబ్ పెరిగిన వేగానికి మనుషులు చాలలేదు. 2014 చివర్లో ఆ డైరెక్టరీని మూసేశారు. ప్రపంచాన్ని చేత్తో జాబితా రాయడం అసాధ్యమని తేలింది. ఒక ఊరినైతే రాయొచ్చు. నా వాదన అంతా ఇదే.

లెక్క చూడండి. ఒక దుకాణం వివరం అంటే పేరు, పని, చిరునామా, ఫోన్ నంబరు, అది ఉన్న చోటు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అన్నీ తెలుగులో రాసినా ఒక దుకాణానికి ఒక కిలోబైటు సరిపోతుంది. ఐదు వేల దుకాణాలనుకుందాం, మొత్తం ఐదు మెగాబైట్లు. ఫోన్‌తో తీసిన ఒకటి రెండు ఫొటోలంత. అందులో వెతకడం కూడా బరువేమీ కాదు. వరుసలో పెట్టిన ఐదు వేల పేర్లలో ఒకదాన్ని పట్టుకోవడానికి ప్రతిసారీ సగం కొట్టేస్తూ పోతే పదమూడు పోలికలు చాలు. దీన్నే ఇంకా మెరుగుపరిచి బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు 1970 దశకం మొదట్లో విమానాల కంపెనీ బోయింగ్‌లో ఉండగా బీ-ట్రీ అనే అమరికను తయారుచేశారు. ఈనాటి డేటాబేసులు ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. 1995లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, పీహెచ్‌పీ భాష, వెబ్‌సైట్లు కట్టే 2003 నాటి వర్డ్‌ప్రెస్ అన్నీ ఉచితంగా దొరుకుతాయి. డొమైన్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ, హోస్టింగ్‌కు కొన్ని వేలు. యంత్రం ఖర్చు ఇంతే.

దగ్గరి దుకాణం ఏదో చెప్పే దూరం లెక్కకు కూడా పైసా అక్కర్లేదు. సిద్దిపేట ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం ఇక్కడ సుమారు 106, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కనుక. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు రాసుకుంటే దుకాణం పదకొండు మీటర్ల గడిలో దొరుకుతుంది. ఊరి పరిధిలో భూమి గుండ్రమని పట్టించుకోనక్కర్లేదు, బళ్లో చదివిన పైథాగరస్ సూత్రం చాలు. పటానికి 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది, అదీ ఉచితమే.

చిక్కంతా అక్షరాల దగ్గర. ఊరి పేరునే ఒకరు సిద్దిపేట అని రాస్తే మరొకరు సిద్ధిపేట అంటారు. మనకు ఒకటే, కంప్యూటరుకు ద వేరు, ధ వేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఇంకా గొడవ: ఒకరు హెచ్ చేరుస్తారు, ఒకరు ఒక్క డీతో సరిపెడతారు, ఒకరు చివర ఏ తగిలిస్తారు. దీనికి మందు కంప్యూటర్లకు ముందే తయారైంది. 1918లో రాబర్ట్ రస్సెల్ పేటెంటు తీసుకున్న సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, దగ్గర ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. పైన చెప్పిన రాతలన్నిటికీ వచ్చేది ఒకే గుర్తు: ఎస్ 313. తెలుగుకూ ఇలాగే ద-ధ, త-థ, శ-ష-స కలిపి, దీర్ఘాలు, చివరి సున్నా వదిలి చిన్న పట్టిక రాసుకుంటే కిరాణా, కిరాణం కొట్లాడుకోవు.

ఇంతకంటే లోతైన ప్రశ్న, ఏ అరలో ఏది పెట్టాలన్నది. యాసంగిలో బోరు మోటారు కాలిన రైతును తలచుకోండి. వరి పొట్ట దశలో ఉంది, తడి ఆరిపోతోంది. ఆయన ‘ఎలక్ట్రికల్ సర్వీసెస్’ అని వెతకడు. ‘మోటారు కాలింది’ అంటాడు, లేదా ‘వైండింగ్’ అంటాడు. కాలిన రాగి తీగ ఊడదీసి కొత్తది చుట్టే మనిషి ఎవరు, ఎప్పటిలోగా ఇస్తాడు, మోటారు పైకి తీసే క్రేను బండి కూడా వాళ్లదేనా — ఆయనకు కావలసింది ఇది. పెద్ద కంపెనీల జాబితా విభాగాలు మహానగరాలను చూసి గీసినవి, అందులో ఈ ప్రశ్నలకు గడి ఉండదు. పాత బస్టాండ్ దగ్గర, ముస్తాబాద్ చౌరస్తా దాటాక అని చెప్పే చిరునామాకూ ఉండదు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు పెట్టగలడు.

గొల్లభామ చీర నేసేవారికి, చేర్యాల నకాశీ చిత్రకారులకు కావలసింది మరో రకం గడి. వాళ్లను వెతికేది బయటి ఊరి కొనుగోలుదారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి: వాళ్ల ఇంటి గుర్తు పటం మీద పెట్టకూడదు, అడగకుండా నంబరూ వేయకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇది మర్యాద.

ఇక డైరెక్టరీని చంపే జబ్బు పాతబడటం. అచ్చు పుస్తకంలో తప్పుంటే మళ్లీ అచ్చయ్యేదాకా బతికేది. వెబ్‌సైటులో తప్పుకు గడువే లేదు. 2016 అక్టోబర్‌లో జిల్లా కేంద్రమై, 2023 జూన్‌లో ఐటీ టవర్, అదే ఏడాది అక్టోబర్‌లో సికింద్రాబాద్ రైలు చూసిన ఊళ్లో దుకాణాలు మారడం మామూలే. అందుకే ప్రతి పేరు పక్కన ‘చివరిసారి సరిచూసిన తేదీ’ కనిపించాలి, ఆర్నెల్లు దాటినవి కిందికి జారాలి. డబ్బు కట్టినవాణ్ని పైన పెడితే అది ప్రకటన అని పక్కనే రాయాలి. చిన్న ఊళ్లో ఒకసారి నమ్మకం పోతే తిరిగి రాదు.

సర్వరు ఖర్చు కంటే పెట్రోలు ఖర్చు ఎక్కువయ్యే వ్యాపారం ఇది. సిద్దిపేట డిప్లొమా, ఇంజినీరింగ్ కుర్రాళ్లకు చెప్పేదొకటే. డొమైన్ తర్వాత కొనొచ్చు, ముందు ఒక నోటుబుక్కు పట్టుకుని పాత బస్టాండ్ నుంచి విక్టరీ చౌరస్తా దాకా ప్రతి దుకాణం ఎక్కండి. ‘పైసలు కట్టాల్నా’ అని అడుగుతారు, అక్కర్లేదని చెప్పండి. మొదటి వంద పేర్లలో మోటార్ వైండింగ్ వాళ్లందరూ ఉండాలి, అదీ యాసంగి నాట్లు మొదలయ్యేలోగా.