పాత్రధారణ క్రీడాగ్రంథములలోని వచనము

పాత్రధారణ క్రీడ యనగా నలుగురైదుగురు ఒక బల్లచుట్టును గూర్చుండి, తలకొక కల్పితపాత్రను వహించి, మాటలతోనే కథను నడుపుకొను ఆట. వారిలో నొకడు ఆ కల్పితలోకమును, అందలి శత్రువులను, దారిన పోవువారిని తానే యై పలుకును. ఇంగ్లీషు గ్రంథములు వానిని పలు పేర్లతో పిలిచినను, మనకు సూత్రధారుడను మాట సిద్ధముగా నున్నది. ఫలితము సందేహమైనచోట పాచికలు తీర్పు చెప్పును. 1974లో అమెరికాయందు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను మూడు చిన్న పొత్తములతో ఈ వాఙ్మయము రూపుదాల్చినది. నాటినుండి ఇట్టి గ్రంథము లనేకములు వెలువడినవి. వానిలో పెక్కింటి వచనము పేలవమని నిందించువారు కలరు. నింద యెంత న్యాయమో తేల్చుటకు ముందు, ఆ వచనమును ఏ కొలతతో కొలువవలెనో తెలియవలెను. కావ్యమునకో నవలకో తగిన కొలత దీనికి చాలదు.

ఈ గ్రంథములలో వచనమునకు రెండు పనులు కలవు: నియమములను శాసించుట, లోకమును కల్పించి చూపుట. మొదటిది శాస్త్రవచనము, రెండవది కథావచనము. తెలుగున ఈ రెంటికిని మేలిబంతులు ఒక్క లేఖినినుండియే వెలువడినవి. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును ప్రకటించెను. నడుమ ఐదేండ్లు మాత్రమే. అయినను నీతిచంద్రికలోని వాక్యము విస్తరించి నడచును. బాలవ్యాకరణములోని వాక్యము ఒక్క యక్షరమును వృథా పోనీయదు. సూరికి రెండు పనులకు రెండు గ్రంథములుండెను. క్రీడాగ్రంథకర్తకు ఆ వెసులుబాటు లేదు. ఒకే పుటలో పైన శాసించి క్రింద వర్ణింపవలెను. చెడుట సాధారణముగా ఇచ్చటనే: నియమము అలంకారములతో బరువెక్కును, వర్ణన నియమమువలె ఎండిపోవును.

నియమవచనమునకు తొలిగుణము నిస్సందిగ్ధత. 1974 నాటి పొత్తములు ఈ పరీక్షకు నిలువవు. అవి అంతకుముందే యుద్ధక్రీడల కలవాటుపడినవారి కుద్దేశింపబడినవి. పోరాట నియమములకై 1971 నాటి ‘చెయిన్‌మెయిల్’ అను వేరొక పుస్తకముపై ఆధారపడినవి. వానిని మాత్రమే చదివి క్రొత్తవాడు ఆట నేర్చుట దుర్ఘటము. 1981లో టామ్ మోల్డ్వే సంస్కరించిన 64 పుటల ప్రాథమిక గ్రంథము దీనికి విరుగుడు. బాలురకు సైతము సుబోధము.

ఇట్టి గ్రంథమును తెలుగున వ్రాయబూనినవానికి ఒక చిక్కు కలదు. ‘ఆటగాడు మరల పాచిక వేయవచ్చును’ అన్నచో అనుమతి. ‘కావలివాడు మేల్కొనవచ్చును’ అన్నచో సంభావ్యత. క్రియారూప మొక్కటే. మొదటిదానిని నిర్ణయించువాడు ఆటగాడు. రెండవదానిని నిర్ణయించున దెవరు? సూత్రధారుడా, పాచికయా? వాక్యము చెప్పదు, ఆట అక్కడ నిలిచి తగవు మొదలగును. మన వ్యాకర్తలయొద్ద దీనికి మందున్నది. తప్పక జరుగునది నిత్యము. ఆటగాని యిచ్చకు వదలినది వైకల్పికము. ఒకచోట జరిగి, ఒకచోట జరుగక, ఒకచోట వికల్పించి, ఒకచోట వేరొక రూపమై, సందర్భమునుబట్టి సూత్రధారుడు తీర్పవలసినది బహుళము. ఈ పారిభాషికములనే పుటలపై పరచవలెనని నా యభిప్రాయము కాదు; ఆ విభాగము రచయిత మనసున నుండవలెను. సంబోధన విషయమున మాత్రము ఇంగ్లీషుకంటె మనకే సౌలభ్య మెక్కువ. ఆ భాషలో ఆటగానికిని, అతడు ధరించిన పాత్రకును ఒకే సర్వనామము. మనము ఆటగానిని ‘మీరు’ అనియు, పాత్రను ‘నీవు’ అనియు పిలిచినచో సగము గందరగోళము తొలగును.

అయితే స్పష్టతయే సర్వస్వము కాదు. గైగాక్స్ 1979లో వ్రాసిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ వచనము ముడులు పడినది, ప్రాతమాటలతో కిక్కిరిసినది, క్రమము తప్పినది. అయినను దాని నిష్టపడి చదువువారు నేటికిని కలరు. ఆ పుటలలో ఒక మనిషి గొంతు వినబడుటయే కారణమని నా తలంపు.

ఇక వర్ణన. సూత్రధారుడు పైకి చదివి వినిపించుటకై చట్రము గట్టి ముద్రించిన పేరాలు 1980ల నాటి సాహస పుస్తకములలో విరివిగా కనబడును. నింద కెక్కువగా పాలైనవి ఇవియే. ఉదాహరణమును మన నూజివీటి తోటలనుండియే గైకొందము. (చేరువనున్న మీర్జాపురపు రాజావారు 1949లో ‘కీలుగుఱ్ఱం’ చిత్రమును నిర్మించి దర్శకత్వము వహించిరి, సాహసకథకు ఇది పరాయి నేల కాదు.) ఒక రచయిత ఇట్లు వ్రాసెననుకొందము: ‘నిశీథిని నల్లని మేలిముసుగు కప్పుకొనిన వేళ, శతాబ్దముల రహస్యములను గుసగుసలాడు మామిడితోటలోనికి మీరు అడుగిడితిరి. మీ హృదయములు భయకంపితము లయ్యెను.’ వేరొకడు ఇట్లు వ్రాసెననుకొందము: ‘రసాల తోట. కావలి గుడిసెలో లాంతరు వెలుగుచున్నది, కావలివాడు లేడు. పగలు కోసిన కాయలు గంపలతో నున్నవి. ఒక గంప ఖాళీ. చిక్కము కట్టిన దోటి బావిగట్టున పడియున్నది.’ మొదటిది విని ఆటగాడు చేయదగిన దేమియు లేదు. అతడు భయపడవలెనో నవ్వవలెనో కూడ రచయితయే నిర్ణయించి, ఆటగాని సొత్తును అపహరించెను. రెండవదానిలో విశేషణములు దాదాపు లేవు. కాని విన్నవెంటనే ఒకడు బావిలోనికి తొంగిచూచును, ఒకడు గంపలు లెక్కించును, మూడవవాడు లాంతరు నార్పివేయును. కావున ఈ వచనపు మేలు పుటపై కాక, దానిని విన్నవారి నోట వెడలు మాటలలో తెలియును.

ఇట్లు చోటు విడిచి వ్రాయుట మనకు క్రొత్త కాదు. కృష్ణామండలపు కూచిపూడి భాగవతుల భామాకలాపమే సాక్షి. సత్యభామ పాత్రకు దరువులు, పద్యములు కలవు. కాని మాధవి వచ్చి భర్తపేరు చెప్పుమని భామను నిలదీయుట, ఆమె సిగ్గుపడి చెప్పలేకుండుట, రాయబారమునకు వెలగా ముక్కెర నడుగుట — ఈ ఘట్టములలో చాలభాగము వచనమున నడచును. ఆ వచనము మేళమును బట్టి, మాధవి వేషమున నిలిచిన సూత్రధారుని చతురతను బట్టి, ఎదుటి సభను బట్టి పెరుగుచు తరుగుచు నుండును. వ్రాతప్రతిలో రెండు పంక్తులుగా నున్నది రంగమున చాల సేపు నడువవచ్చును. (ఇది సంభావ్యతయే కాదు, అనుమతియు.)

ఎస్వీ జోగారావుగారి ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ 1961లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వెలువడిన పిదప యక్షగాన పరిశోధనకు రాజమార్గ మేర్పడినది. అయినను ప్రతులను పరిష్కరించు విద్యార్థి దరువులకును పద్యములకును పాఠాంతరములను శ్రద్ధతో గుర్తించి, సంధివచనములను ‘నీరసములు’, ‘ప్రక్షిప్తములు’ అని త్రోసివేయు ప్రమాదమున్నది. నీరసముగ తోచు ఆ రెండు పంక్తులే నటునికి విడిచిన చోటు. ఒక ప్రతిలో మాధవి ప్రశ్న మాత్రముండి సమాధానము లేకున్నచో, అది లేఖకుని లోపమని కుండలీకరణములలో పూరింపరాదు. ఏ మేళము ఆ చోట నేమి పలికెనో విచారించి, అధోజ్ఞాపికలో చేర్చవలెను. వేషము కట్టిన వృద్ధు లున్నంతకాలమే ఈ విచారణకు వీలు కలదు.