మీకు తెలుసా?

అమెరికాలో పోటోమాక్ నది లోయ వెంట 297 కిలోమీటర్లు సాగే ప్రసిద్ధ సైకిల్ దారిని నిజానికి కంచర గాడిదల కోసం వేశారు!

► రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా ఉన్న చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు ఇది. 1828లో తవ్వకం మొదలైన ఈ కాలువలో బొగ్గు పడవలు నడిచేవి. వాటికి తాళ్లు కట్టి, గట్టు మీద నడుస్తూ కంచర గాడిదలు లాగేవి. పడవలను ఎత్తుకు చేర్చేందుకు దారి పొడవునా 74 లాకులు కట్టారు. 1924 వరదలతో పడవల రాకపోకలు ఆగిపోయాయి.

► ఈ కాలువ దారిలోనే ఉన్న పా పా సొరంగం పొడవు ఒక కిలోమీటరుకు కాస్త తక్కువే. అయినా పూర్తి కావడానికి 14 ఏళ్లు పట్టింది. లోపలి గోడకు అరవై లక్షలకు పైగా ఇటుకలు వాడారు.

► 1950లలో ఈ గట్టు మీద కార్ల రోడ్డు వేయాలనుకున్నారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ దాన్ని వ్యతిరేకించి, పత్రికా సంపాదకులను తనతో నడవమని పిలిచారు. 1954లో దారి మొత్తం నడిచి చూపించారు. రోడ్డు ఆలోచన మూలపడింది. 1971లో ఇది జాతీయ చారిత్రక పార్కు అయింది.

► ఇది మట్టి, కంకర దారి. వాన పడితే బురదే. అందుకే సన్న చక్రాల సైకిళ్ల కంటే వెడల్పు టైర్ల మౌంటెన్ బైకులే ఇక్కడ నయం. చీకటి సొరంగంలో మాత్రం సైకిల్ దిగి, టార్చి వేసుకుని నడవాల్సిందే!