దోషసహన నిజకాల వ్యవస్థలలో సిద్ధ విడిభాగాలు

సాధారణ విపణిలో లభించే ప్రాసెసర్లు, మెమరీ చిప్పులు, రేడియో మోడెములు మొదలైనవాటిని సిద్ధ విడిభాగాలు అంటారు. ఒక భాగం చెడినప్పటికీ, గడువులోగా సరియైన స్పందన ఇవ్వగల కంప్యూటరు వ్యవస్థను దోషసహన నిజకాల వ్యవస్థ అంటారు. ఇటువంటి వ్యవస్థలకు రైళ్ళ రక్షణ చక్కని ఉదాహరణ.

అవసరం

2012 మే 22 వేకువన, అప్పటి అనంతపురం జిల్లాలోని (నేడు శ్రీ సత్యసాయి జిల్లా) పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు రైలును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొనగా సుమారు 25 మంది మరణించారు. ఎదుట ప్రమాదమున్నా డ్రైవరు రైలును ఆపలేనప్పుడు యంత్రమే ఆపవలెను. లెక్క సరియైనదైనా, బ్రేకు ఆజ్ఞ ఆలస్యమైతే అది తప్పు సమాధానమే.

కవచ్

ఈ పనికై రైల్వే పరిశోధనా సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. దేశీయ సంస్థలతో కలిసి కవచ్‌ను రూపొందించింది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ళపై దీని క్షేత్ర పరీక్షలు మొదలయ్యాయి. 2020 జూలైలో ఇది జాతీయ వ్యవస్థగా స్వీకరించబడినది. 2023 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కి.మీ. మేర అమర్చారు. మన్మాడ్ - ముద్ఖేడ్ - డోన్ - గుంతకల్లు మార్గం ఇందులో భాగం.

పట్టాల మధ్యనున్న ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగులు రైలు ఉన్న చోటును తెలుపుతాయి. స్టేషనుకు, ఇంజనుకు మధ్య సమాచారం రేడియో ద్వారా నడుస్తుంది. ఈ సాంకేతికతలు రైళ్ళ కొరకే పుట్టినవి కావు. అయినను కవచ్‌కు అత్యున్నత భద్రతా స్థాయి అయిన ఎస్.ఐ.ఎల్.-4 నిర్దేశించారు.

భద్రత ఎట్లు కలుగును?

ఏ ఒక్క భాగాన్నీ పూర్తిగా నమ్మకపోవడమే ఇందలి సూత్రం. సాధారణ పద్ధతి "మూడింట రెండు": మూడు కంప్యూటర్లు ఒకే లెక్క చేయగా, రెండింటి జవాబు కలిస్తేనే దానిని అమలు చేస్తారు. ఏ రెండూ కలవకపోతే బ్రేకు పడుతుంది. ఆగిన రైలు సురక్షితం కాబట్టి ఇది సాధ్యం. ఎగురుతున్న విమానానికి ఈ వెసులుబాటు లేదు.

పరిమితులు

మూడూ ఒకే రకం చిప్పులైతే, చిప్పులోని రూపకల్పన లోపం మూడింటిలోనూ ఉంటుంది. ముగ్గురు విద్యార్థులు ఒకే తప్పుల పుస్తకం చదివితే ముగ్గురి జవాబూ తప్పే. అయినా మూడూ కలుస్తాయి. 40 డిగ్రీలు దాటే రాయలసీమ ఎండ కూడా మూడింటినీ ఒకేసారి తాకుతుంది. అందుచేత వేర్వేరు రకాల చిప్పులు, వేర్వేరుగా రాసిన ప్రోగ్రాములు వాడడం ఒక ఉపాయం. మరొక చిక్కు కాలం: విపణిలో చిప్పులు కొన్నేళ్ళకే కనుమరుగవుతాయి, రైల్వే పరికరాలు దశాబ్దాలు పనిచేయాలి. భాగం మారినప్పుడల్లా భద్రతను మరల నిరూపించవలసి ఉంటుంది. కావున విడిభాగం చౌకయైనా, దానిని నమ్మదగినదిగా చేసే పరీక్షలు చౌక కావు.