క్రొత్త పిస్టలుకు తొలి పరీక్ష

క్రొత్త ఎడ్లను కొన్న రైతు వాటిని ఆ పూటే బరువు బండికి కట్టి సంతకు తోలుకొని పోడు. ముందు ఖాళీ బండికి కట్టి, ఇంటి ముందు నాలుగడుగులు నడిపించి చూస్తాడు. క్రొత్త ఆయుధం విషయంలో కూడా ఈ ఓపిక అవసరమని, సైన్యంలో ఇరవై రెండేళ్ళు తుపాకుల మరమ్మతు పని చేసి కోయంబత్తూరులోని సొంత ఇంటికి చేరుకున్న నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఈసారి మా బావగారికే చెప్పవలసి వచ్చింది.

మా చెల్లెలి కాపురం పొల్లాచ్చి దారిలో, కొబ్బరితోట నడుమ. ప్రక్క తోటలో దొంగలు పడిన నాటినుంచి బావగారికి కంటిమీద కునుకు లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు సంపాదించి, అరచేతిలో ఇమిడే .32 పిస్టలు ఒకటి కొని తెచ్చారు.

"బావా! ఈ రాత్రినుంచి దీన్ని తలగడ క్రింద పెట్టుకొని నిశ్చింతగా నిద్రపోతాను" అన్నారు.

"పేలుతుందో లేదో తెలియని దాన్ని నమ్ముకొని ఎట్లా నిద్రపోతారు బావగారూ? ఆదివారం దాకా ఆగండి. క్లబ్బు రేంజికి పోయి చూద్దాం" అన్నాను.

మా చెల్లెలు గుమ్మంలో నిలబడి వింటున్నది. మాట మాట్లాడలేదు. ఆమె చీర చెంగు పట్టుకొని ఆరేళ్ళ మనుమడు ఆ నల్లని వస్తువునే చూస్తున్నాడు.

మన దేశంలో 9 మిల్లీమీటర్ల పిస్టలు మామూలు పౌరులకు నిషిద్ధం. అందుచేత ఆత్మరక్షణకు లైసెన్సు పొందినవారిలో చాలామంది .32 కొంటారు. ఈ తూటాను రూపొందించినది జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా దేశస్థుడు. బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారం దీన్ని 1899లో బయటికి తెచ్చింది. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 7.65. సీసపు గుండు బరువు అయిదు గ్రాములు కూడా ఉండదు. చిన్నదే కదా అని తేలికగా చూడరాదు. 1914 జూన్ 28న సారయేవో నగరంలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను బలిగొన్నది ఆ కర్మాగారంలోనే తయారైన, ఇంతకంటె కొంచెం లావు తూటాను పేల్చే చిన్న పిస్టలే. దాన్ని పట్టుకున్నవాని వయస్సు పందొమ్మిదేళ్ళు.

శనివారం సాయంత్రం వరండాలో పాత దుప్పటి పరచుకొని కూర్చున్నాం. మొదట మేగజైను ఊడదీసి, స్లయిడు వెనక్కు లాగి, గదిలో తూటా లేదని కంటితో చూశాను. వ్రేలితో తడిమాను. తరువాత బావగారి చేత కూడా అదే చేయించాను. క్రొత్త ఆయుధం తుప్పు పట్టకుండా కర్మాగారంలో పూసే గ్రీజు అలాగే ఉంచి కాల్చరాదు. అది బిగుసుకొని స్లయిడు కదలికను మందగింప జేస్తుంది. భాగాలు విడదీసి, గ్రీజంతా తుడిచి, గొట్టంలో పొడిగుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా కడ్డీ ఆడించాం. గొట్టాన్ని దీపానికెదురుగా పెట్టి, లోపల పీచుముక్క కూడా మిగలలేదని చూసుకున్నాం. స్లయిడు జారే గాళ్ళకు మాత్రం చుక్క చుక్క నూనె. నూనె ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. గొట్టం పొడిగానే ఉండాలి.

ఆదివారం ప్రొద్దుట రేంజిలో చెవులకు మూతలు, కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాం. బావగారు మేగజైను నిండా తూటాలు కుక్కబోయారు. వారించి, ఒక్క తూటానే పెట్టించాను. క్రొత్త యంత్రంలో ఏదైనా లోపం ఉంటే, ఒకటి నొక్కితే రెండు పేలవచ్చు. లోపల ఒకటే ఉంటే ఆ ప్రమాదం లేదు. అది సరిగా పేలిన తరువాత రెండు పెట్టాం. ఆ తరువాతనే నిండు మేగజైను.

అందులో నాలుగో గుండుకు పిస్టలు ఆగిపోయింది. పేలిన తూటా తొడుగు, సైన్యంలో మేము ఖోకా అనేది, బయటికి ఎగిరిపోకుండా స్లయిడు నోట్లో నిలువుగా ఇరుక్కున్నది. "మోసపోయాను బావా, సరుకు మంచిది కాదు" అన్నారు బావగారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన మణికట్టు వదులుగా ఉన్నది. పేలుడు బలంతో స్లయిడు వెనక్కు పోవాలంటే, పిడిని పట్టిన చేయి గట్టిగా నిలవాలి. చేయి కూడా వెంట వెనక్కు పోతే స్లయిడుకు పూర్తి దెబ్బ అందదు.

మరి కాసేపటికి ఇంకొక చిక్కు. ఈసారి తూటా మేగజైనులోనుంచి కదలనే లేదు. .32 తూటా అడుగున అంచు కొంచెం పైకి పొడుచుకొని ఉంటుంది. పై తూటా అంచు క్రింది తూటా అంచుకు వెనుకగా పడితే రెండూ పెనవేసుకుంటాయి. తొందరలో నింపినందువల్ల వచ్చిన ఇబ్బంది అది. ప్రతి తూటాను వెనక్కు సరిగా నెట్టి నింపిన తరువాత మళ్ళీ ఆగలేదు.

పది మీటర్ల దూరాన అట్ట మీద దెబ్బలన్నీ మధ్యకు ఎడమ ప్రక్కగా, దిగువన పడ్డాయి. గురిముల్లు వంకర అన్నారు. నేను అయిదు కాల్చాను. అయిదూ నడుమనే పడ్డాయి. అప్పుడు ఆయన చూడకుండా మేగజైనులో మంచి తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపి ఇచ్చాను. దాని వంతు వచ్చేసరికి చప్పుడు లేదు. కాని పిస్టలు మూతి మాత్రం జానెడు క్రిందికి వంగింది! రాబోయే చప్పుడుకు భయపడి చేయి ముందే ఉలిక్కిపడుతున్నదన్నమాట. బావగారు తెల్లబోయారు.

అట్టపెట్టెలోని యాభై తూటాలు అయిపోయేసరికి దెబ్బలు కొంత దగ్గరపడ్డాయి. పిస్టలు పరీక్షలో గెలిచింది. మనిషి ఇంకా గెలవలేదు.

తిరుగు దారిలో చాలాసేపు మౌనంగా ఉండి, బావగారు తామే అన్నారు: "పట్టపగలు, ఎదురుగా కదలని అట్ట. అయినా నా చేయి వణికింది బావా. అర్ధరాత్రి నిద్రమత్తులో చప్పుడైతే, అది దొంగో, మంచినీళ్ళకు లేచిన మనుమడో నాకెట్లా తెలుస్తుంది?"

దీనికి నేను చెప్పవలసిన జవాబు లేదు. ఆ సాయంత్రమే తాళం పడే ఇనుప పెట్టె ఒకటి కొని గోడకు బిగించాం. తూటాలు వేరే చోట, వేరే తాళంతో ఉంచాం. ఆయుధాన్ని భద్రంగా దాచే బాధ్యత లైసెన్సు పొందినవారిదే. పెండ్లిళ్ళలో, ఊరేగింపులలో సరదాకు కాల్చి ఇతరులకు అపాయం తెచ్చేవారికి 2019 సవరణ చట్టం రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా విధించింది.

తోట చుట్టూ దీపాలు పెట్టించారు. రెండు కుక్కలను పెంచుతున్నారు. నెలకొకసారి నాతో రేంజికి వస్తున్నారు. మొన్న మా చెల్లెలు కాఫీ ఇస్తూ, "అన్నయ్యా, ఆయన తలగడ క్రింద ఇప్పుడు టార్చిలైటు ఉన్నది. ఇద్దరమూ నిద్రపోతున్నాం" అన్నది.

మన ఇళ్ళలో లైసెన్సు ఉన్నవారు కొందరైనా ఉంటారు. వారి పిస్టలు ఎన్నడు పరీక్షకు పోయిందో, తాళం ఎవరి దగ్గర ఉన్నదో, ఇంటి ఇల్లాండ్రు ఒక్కసారి అడిగి చూడాలని నా మనవి.