పాత పికప్ ట్రక్కుకు కొత్త 'పుల్లింగ్'

బరువు వేసుకొని ఘాట్ రోడ్డు ఎక్కే వాహనాలను మీరు చూసే ఉంటారు. ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం నత్తలా కదులుతుంది. 'బండికి పుల్లింగ్ లేదు' అంటాడు డ్రైవరు. అతని ఫిర్యాదు ఇంజను అశ్వశక్తి గురించి కాదు. తక్కువ వేగంలో తిరుగుతున్నప్పుడు ఇంజను ఎంత మెలితిప్పే బలం ఇవ్వగలదన్నదే అతని బాధ. పాఠ్యపుస్తకంలో మీరు చదివిన బల భ్రామకమే ఇది. మెకానిక్కులు దీన్ని టార్క్ అంటారు.

టార్క్‌ను కోణీయ వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. కాబట్టి నిమిషానికి 5000 సార్లు తిరుగుతూ బోలెడు అశ్వశక్తి ఇచ్చే ఇంజను, 1500 భ్రమణాల వద్ద నీరసంగా ఉండవచ్చు. క్లచ్ వదలగానే బరువుకు తట్టుకోలేక ఆగిపోనూ వచ్చు. మరి పాత ఇంజనులో ఈ అడుగు వేగపు టార్క్‌ను పెంచగలమా? అమెరికాలో పాత పికప్ ట్రక్కులను బాగుచేసుకునేవారు దీనికి ఒక చక్కని జవాబు కనుక్కున్నారు. అది జీపు కంపెనీ పికప్ 'కమాంచీ'కి సంబంధించినది.

కమాంచీని 1985 నుంచి 1992 వరకు తయారు చేశారు. దాని ఇంజన్లలో పేరుపడ్డది 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. సిలిండరు వ్యాసం 98.4 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 86.7 మిల్లీమీటర్లు. మొదటి రకానికి గరిష్ఠ టార్క్ సుమారు 300 న్యూటన్ మీటర్లు. దీనికి ఒక అన్న ఉన్నాడు. అదే కంపెనీ 1971లో తెచ్చిన 4.2 లీటర్ల ఇంజను. అందులో సిలిండరు సన్నం, స్ట్రోక్ మాత్రం 98.9 మిల్లీమీటర్లు. అన్న క్రాంక్ షాఫ్ట్‌ను తమ్ముడి ఒంట్లో అమర్చడమే ఈ చిట్కా!

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 'సైకిల్ పెడల్ కాడ పొడుగైతే తొక్కడం తేలికవుతుంది కదా, క్రాంక్ పొడుగైతే టార్క్ పెరుగుతుంది' అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సైకిల్ మీద మీ కాలి బలం మారదు. ఇంజనులో పిస్టన్ మీది బలం దాని వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఇంజను పరిమాణం మార్చకుండా స్ట్రోక్ పెంచాలంటే సిలిండరును సన్నం చేయాలి. అప్పుడు కాడ పొడవులో వచ్చిన లాభం, పిస్టన్ వైశాల్యం తగ్గి, అంతకంతా పోతుంది.

నిజానికి లెక్క ఇలా ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు, అంటే 4 పై రేడియన్లకు, ఒకసారి పని పూర్తి చేస్తుంది. ఆ పని, సిలిండర్లలోని సగటు పీడనాన్ని పిస్టన్లు ఊడ్చే ఘనపరిమాణంతో గుణించిన దానికి సమానం. అంటే టార్క్‌ను నిర్ణయించేవి ఈ రెండే: పీడనం, ఘనపరిమాణం. కమాంచీ ఇంజనుకు ఈ సగటు పీడనం సుమారు 9.5 లక్షల పాస్కల్‌లు వస్తుంది. మీరే లెక్కకట్టి చూడండి. టర్బో లేకుండా దీన్ని మరీ ఎక్కువ పెంచలేం. అందుకే ఘనపరిమాణం మీద పడాలి.

పాత సిలిండర్లు ఎలాగూ అరిగి ఉంటాయి కనుక బోరు కొట్టించి 0.76 మిల్లీమీటర్లు వెడల్పు చేస్తారు. అన్నగారి క్రాంక్ వేస్తారు. 3.96 లీటర్ల ఇంజను దాదాపు 4.6 లీటర్లు అవుతుంది. పెరుగుదల 16 శాతం. మిగతావన్నీ మారకపోతే టార్క్ 300 నుంచి సుమారు 350 న్యూటన్ మీటర్లకు చేరాలి.

అయితే పొడుగు క్రాంక్ పిస్టన్‌ను 6.1 మిల్లీమీటర్లు ఎక్కువ పైకి నెడుతుంది. అది వెళ్లి సిలిండర్ హెడ్‌ను గుద్దుకోదా? గుద్దుకుంటుంది. కానీ పాత 4.2 ఇంజను కనెక్టింగ్ రాడ్ కొలిచి చూస్తే, అది కొత్తదానికన్నా 6.35 మిల్లీమీటర్లు పొట్టి! క్రాంక్‌తో పాటు ఆ రాడ్లనూ తెచ్చుకుంటే మామూలు సైజు పిస్టన్లే సరిపోతాయి. పైన పావు మిల్లీమీటరు ఖాళీ కూడా మిగులుతుంది. ఒకే కుటుంబపు ఇంజన్లు కావడం వల్ల ఇలా అతికింది. దీన్ని అదృష్టం అనాలో, ఆ డిజైనర్ల పొదుపు అనాలో మీ ఇష్టం.

పనంతా అయిపోయిందనుకోకండి. దహన కోశం పాతదే, ఊడ్చే ఘనపరిమాణం మాత్రం పెరిగింది. కాబట్టి సంపీడన నిష్పత్తి 8.8 నుంచి 9.8 దాకా పోతుంది. ఉష్ణ దక్షతకు ఇది మంచిదే. ప్రమాదం మరోచోట ఉంది. జ్వాల చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను అంటుకుంటే 'నాకింగ్' వస్తుంది. నెమ్మదిగా తిరిగే ఇంజనులో ఆ మిశ్రమం వేడిలో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది కనుక, పూర్తి బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడే నాకింగ్ భయం ఎక్కువ. మనం టార్క్ కోరుకున్నదీ సరిగ్గా అక్కడే! ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయడమో, లోతైన గుంట ఉన్న పిస్టన్లు వేసి నిష్పత్తి తగ్గించడమో చేయాలి.

ఇంధనం సంగతీ అంతే. ఈ జీపు కంప్యూటరు లోపలికి వెళ్లే గాలిని నేరుగా తూచదు. మేనిఫోల్డ్ పీడనం చూసి, ఇంజను 4 లీటర్లదే అనుకొని లెక్కవేస్తుంది. ఎక్కువ గాలికి పాత లెక్కన పెట్రోలు అందితే మిశ్రమం పలచబడి, పిస్టన్లే కరిగిపోవచ్చు. పెద్ద ఇంజెక్టర్లు తప్పవు.

క్యామ్ షాఫ్ట్ ఎంపికలో ఆశ పనికిరాదు. పిస్టన్ అడుగుకు చేరి పైకి మొదలైన తర్వాత కూడా ఇన్‌లెట్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. ఎక్కువ వేగంలో గాలి తన జడత్వంతో ఇంకా లోపలికి దూసుకొస్తుంది. తక్కువ వేగంలో ఆ జోరు ఉండదు. పిస్టన్ మిశ్రమాన్ని వెనక్కి నెట్టేస్తుంది. వాల్వును మరింతసేపు తెరిచి ఉంచే రేసు క్యామ్ వేస్తే సంపాదించిన పుల్లింగ్ అంతా కారిపోతుంది. గొట్టాలకూ ఇదే సూత్రం. మరీ లావు సైలెన్సరు గొట్టం వేస్తే వాయువుల వేగం పడిపోతుంది. గ్యారేజీల్లో దీన్ని 'ఎదురు పీడనం కావాలి' అని వివరిస్తుంటారు. అది సరికాదు. కావలసింది వాయువు వేగం, అడ్డంకి కాదు.

స్ట్రోక్ పెరిగితే పిస్టన్ వేగమూ పెరుగుతుంది. 5000 భ్రమణాల వద్ద సెకనుకు సగటున 14.5 మీటర్ల నుంచి 16.5 మీటర్లకు. అందువల్ల ఈ ఇంజనును పాతదాని అంత వేగంగా తిప్పకూడదు. బరువు లాగే బండికి అది పెద్ద నష్టమేమీ కాదు.

ఇంజను విప్పేముందు మాత్రం ఒకసారి చక్రాల వైపు చూడండి. ఇలాంటి పాత ట్రక్కులకు షోకు కోసం 27 అంగుళాల టైర్లు తీసి 31 అంగుళాలవి వేస్తుంటారు. నేల మీది లాగుడు బలం టార్క్‌ను చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేది. కనుక అది 13 శాతం తగ్గుతుంది. అంత శ్రమపడి చేసిన ఇంజను మార్పు ఆ టైర్ల నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది! అదే, వెనుక ఇరుసులోని 3.07 నిష్పత్తి గేర్లను 4.10కి మారిస్తే బలం 33 శాతానికి పైగా పెరుగుతుంది. పెద్ద టైర్లు ఉంచుకున్నా నికరంగా 16 శాతం మిగులుతుంది, ఇంజనును ముట్టుకోకుండానే. బదులుగా హైవే మీద ఇంజను ఎక్కువసార్లు తిరగాలి, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది. నాలుగు చక్రాలూ నడిచే రకమైతే ముందు ఇరుసు గేర్లను కూడా మార్చాలి. స్పీడోమీటరును నడిపే చిన్న పళ్ల చక్రం మార్చడం మరిచిపోతే, అది అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది.