సింకు కింద చూడండి

రియాద్‌లో ఫ్లాట్ల మెయింటెనెన్స్ నా పని. కుళాయి కారినా, ఏసీ నీళ్లు గోడలోకి దిగినా, డ్రైనేజీ పొంగినా బిల్డింగ్ హారిస్ (కాపలాదారు) ముందు నాకే ఫోన్ చేస్తాడు. జగిత్యాల నుంచి వచ్చిన నేను ఇక్కడ ఎన్నో దేశాలవాళ్ల వంటిళ్లు చూశాను. బొద్దింకలున్న ఇల్లు సింకు కింది తలుపు తీయగానే తెలిసిపోతుంది. మూలల్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, ముక్కవాసన, పైపు గోడలోకి వెళ్లేచోట వేలు దూరేంత సందు.

మన ఊళ్లో ఇంటికి గాలీ ఎండా తగులుతాయి. ఇక్కడ ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది, దుమ్ము లేస్తుంది, అందుకని కిటికీలు మూసే ఉంటాయి. లోపల ఏసీ, సింకు కింద తడి, ఫ్రిజ్ మోటారు వెచ్చదనం. ఎడారిలో బతకలేని చిన్న గోధుమరంగు బొద్దింకకు ఇంతకంటే ఏం కావాలి? దీన్ని జర్మన్ బొద్దింక అంటారు. పిల్లలు బయటికొచ్చే సమయం దాకా ఆడది గుడ్ల సంచిని ఒంటికి అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. స్ప్రే కొడితే పెద్దవి చస్తాయి గానీ సంచిలోని గుడ్లకు మందు సరిగా అందదు. కొన్ని వారాలకు మళ్లీ మొదలు.

దాని ప్రాణం నీళ్లలో ఉంది. తిండి లేకపోయినా నీళ్లుంటే నెల దాకా బతుకుతుంది, నీళ్లు కూడా దొరక్కపోతే రెండు వారాలు గడవడం కష్టం. అందుకే నేను ఏ ఇంట్లోనైనా ముందు కారుతున్న వాషర్ మారుస్తాను, తర్వాత పైపు చుట్టూ సందును సిలికాన్‌తో మూస్తాను. రాత్రి పడుకునేముందు సింకు పొడిబట్టతో తుడవమని, చెత్త సంచి బయట పెట్టమని చెబుతాను. బకాలా (కిరాణా కొట్టు) నుంచి సామాన్లతో వచ్చిన అట్టపెట్టెలు దాచుకోవద్దు. వాటి మడతల్లోనే బొద్దింకలు ఇంట్లోకి వస్తాయి. ఇదంతా చేశాక జెల్ మందు చుక్కలుగా పెడితే పని చేస్తుంది. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టకండి, ఆ వాసనకు అవి జెల్ దగ్గరికే రావు.

పెద్ద ఎర్ర బొద్దింక సంగతి వేరు, అది డ్రైనేజీ నుంచి వస్తుంది. బాత్రూం జాలీ కింద ఉండే వంపులో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం దానికి దారి లేదు. స్కూళ్ల సెలవులకు కుటుంబాలు ఇండియా వెళ్తాయి, ఇల్లు రెండు నెలలు మూసి ఉంటుంది, ఆ నీళ్లు ఎండిపోతాయి. తిరిగొచ్చేసరికి బాత్రూం నిండా అవే. వెళ్లేముందు ప్రతి జాలీలో నీళ్లు పోసి, పైన కాస్త వంటనూనె వేయండి. నీళ్లు తొందరగా ఆవిరి కావు. జాలీ మీద ప్లాస్టిక్ కవర్ పరిచి బరువు పెడితే ఇంకా మంచిది.

బ్యాచిలర్ గదుల్లో నల్లుల బాధ ఎక్కువ. ఊరికి వెళ్లిపోయేవాళ్లు వదిలేసిన పరుపులు చవగ్గా దొరుకుతాయి, వాటితోపాటే నల్లులూ వస్తాయి. పాత పరుపు కొనాల్సివస్తే కుట్ల వెంబడి టార్చ్ వేసి చూడండి. దుప్పట్లు, బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఒక్క మంచానికి చేస్తే చాలదు, గదిలో అందరూ ఒకే రోజు చేయాలి.

ఇవన్నీ ఓపికగా చేసుకునే పనులే. నాకు భయమంతా గోలీల గురించి. మన దగ్గర ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇక్కడ కొందరు దొంగచాటుగా అమ్ముతారు. గాలిలో తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. గోడ పగుళ్లు, పైపుల సందుల గుండా అది పక్కింటికి పాకుతుంది. 2009లో జెడ్డాలో పక్క ఫ్లాట్‌లో వాడిన ఈ మందు వల్ల డెన్మార్క్ కుటుంబానికి చెందిన ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. సందులు మూయడం బొద్దింకల కోసమే కాదంటాను నేను.

అమ్మేవాడు ఎంత నమ్మకంగా చెప్పినా ఆ బిళ్లలు ఇంట్లోకి తేకండి. పురుగులు మీ చేయి దాటిపోతే లైసెన్సున్న కంపెనీనే పిలవండి. ఇంట్లో ఉన్నట్టుండి వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వచ్చి తల తిరిగినా, వాంతులైనా పిల్లల్ని తీసుకుని వెంటనే బయటికి రండి. అంబులెన్స్ నంబరు 997.