140 బైట్లలో తెలుగు

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను హడలెత్తించింది. 'జ్ఞా'ను ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా పంపితే, దాన్ని తెరమీద చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. మళ్లీ తెరిచినా అంతే. కొద్ది రోజుల్లోనే ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అనే సవరణ విడుదల చేసి సరిదిద్దింది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయాల్సిన సాఫ్ట్‌వేర్‌ది.

మన కంటికి 'జ్ఞా' ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో మాత్రం అది జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. గొడవ తెచ్చిన కూర్పులో వీటికి తోడు పైకి కనిపించని మరో సంకేతం ఉంది. 'స్త్రీ'కి ఆరు సంకేతాలు కావాలి. ఆ వరుస చదివి, ఏది ఒత్తుగా కిందికి దిగాలో, ఏది గుడిగా పైకి ఎక్కాలో తేల్చుకుని సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని గీయాలి. ఇంగ్లీషు లిపికి ఇంత పని లేదు. సెల్‌ఫోను మొదట తయారైంది అలాంటి లిపి కోసమే. మనం మెసేజుల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మూలం అక్కడుంది.

తొలి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలు. ఒక్కో సందేశానికి చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు సంకేతానికి 16 బిట్లు కావాలి కాబట్టి 70కి మించి పట్టవు. 'ఎక్కడున్నావు' అన్న మాటకు తెలుగులో 12 సంకేతాలు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 11. తెలుగు పొడవైన భాష కాబట్టి చోటు చాలలేదనుకోవడం సరికాదన్నమాట. తేడా అంతా ఒక్కో సంకేతానికి ఇచ్చిన బిట్లలో ఉంది. 100 సంకేతాల కబురు తెలుగులో పంపితే రెండు ఎస్సెమ్మెస్‌ల డబ్బు కట్టాల్సి వచ్చేది, ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒకదానికే. పండగ రోజుల్లో ఎస్సెమ్మెస్ ప్యాక్ రాయితీలు కూడా ఉండేవి కావు. ఇంతా చేసి పంపినా, అవతలి ఫోనులో తెలుగు ఫాంటు లేకపోతే కనిపించేవి వరుసగా ఖాళీ డబ్బాలు. తర్వాతి ప్రమాణాల్లో తెలుగుకూ 7 బిట్ల పట్టిక చేర్చారు గాని, అప్పటికే జనం చేతివేళ్లు ఇంగ్లీషు అక్షరాలకు అలవాటుపడిపోయాయి.

కాబట్టి కుర్రకారు తెలుగు మీద ప్రేమ లేక ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారని తిట్టడం అన్యాయం. వాళ్ల చేత అలా రాయించింది ఫోను, ఫోను బిల్లు.

ఈ రాతలో భాషకు జరిగిన మేలు కూడా ఉంది. గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి వ్యావహారిక భాష కోసం పోరాడారు. అచ్చులోకి వాడుకభాష వచ్చింది గాని, అది చాలావరకు పత్రికలు దిద్ది తీర్చిన వాడుకభాష. మెసేజుల్లో కరీంనగర్ కుర్రాడు 'ఏం జేస్తున్నవ్‌రా' అనే రాస్తాడు. శ్రీకాకుళం వాళ్లు 'ఏటి సేస్తన్నావు' అంటారు, అనంతపురం వాళ్లు 'ఏం చేస్తాండావ్' అంటారు. దిద్దే ఎడిటరు లేడు, మార్కులు కోసే మాస్టారు లేరు. ఇంత మంది తెలుగువాళ్లు తమ ఊరి మాటను రోజూ రాతలో పెట్టడం ఇదివరకు ఎప్పుడూ లేదు. నాకైతే ఇది గర్వించాల్సిన సంగతి.

అయితే ఆ మాట ఒంటిమీద మన లిపి లేదు. దానివల్ల నష్టం ఎక్కడుందో చూడాలి. మెసేజ్ భాష పిల్లల చదువును పాడుచేస్తుందన్న భయాన్ని బ్రిటన్ పరిశోధకులు ప్లెస్టర్, వుడ్, జోషి 10–12 ఏళ్ల పిల్లల మీద పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మాటలను కుదించే కురచ రాతలు ఎక్కువగా వాడిన పిల్లలే పదాలు చదవడంలో మెరుగ్గా ఉన్నారు. శబ్దాన్ని విడగొట్టి చూడగలిగితేనే మాటను కురచ చేయగలం కదా. కానీ ఆ పిల్లలు ఆడుకున్నది తమ సొంత అక్షరాలతో. మన పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినప్పుడు 'కల', 'కళ' ఒకటే అయిపోతాయి. దీర్ఘం పోతుంది, ఒత్తు రాసే పని ఉండదు. అసలు నష్టం ఇదేనని నా నమ్మకం.

ఇది లిపికి జరిగే నష్టం, మనుషుల మధ్య సంగతి వేరు. 2005లో అమెరికాలో క్రూగర్, ఎప్లీ బృందం కొందరి చేత కొన్ని మాటలు నిజంగానూ, కొన్ని వెటకారంగానూ ఈమెయిల్‌లో రాయించింది. తమ ఉద్దేశం వందలో సుమారు 78 సార్లు తెలిసిపోతుందని రాసినవాళ్లు అనుకున్నారు. తెలిసింది 56 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు సరిపోతుంది! అదే గొంతుతో చెప్పినప్పుడు 73 సార్లు సరిగ్గా పట్టుకున్నారు. తెలుగులో స్వరాన్ని కొంత మాట చివరనే పెట్టుకునే వీలుంది. 'సరే', 'సరేనండీ', 'సర్లే', 'సరే రా' ఒకటి కావు. తొందరలో ఆ చివర్లు కోసేసి 'ఓకే' అని ఊరుకుంటే పెద్దవాళ్లు నొచ్చుకోవడంలో వింత లేదు.

గొంతుకు ఇంకా లోతైన పని ఉంది. 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు బాలికలను కొత్తవాళ్ల ఎదుట మాట్లాడించి, లెక్కలు చేయించి, ఆ ఒత్తిడిలో ఉండగా తల్లితో కలిపారు. తల్లి ఎదుట ఉన్నా, ఫోనులో మాట్లాడినా ఆత్మీయతతో ముడిపడిన హార్మోను ఆక్సిటోసిన్ పెరిగి, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. మెసేజుల్లో మాత్రమే ఓదార్పు అందినవాళ్లలో ఆక్సిటోసిన్ పెరగలేదు. కార్టిసాల్ తల్లి పలకరింపే లేనివాళ్లతో సమానంగా నిలిచింది.

ఇప్పుడు వాట్సాప్‌లో అక్షరానికింత అని డబ్బు కట్టక్కర్లేదు. గూగుల్ వాయిస్ టైపింగ్ 2017 నుంచి తెలుగు వింటోంది. ఫోను సెట్టింగ్స్‌లో కీబోర్డుకు తెలుగు చేర్చుకోవడం నిమిషం పని. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి. పిల్లలకు ముందు మీరే తెలుగు అక్షరాల్లో మెసేజ్ పెట్టండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు మాత్రం మెసేజ్‌తో సరిపెట్టకండి, ఫోన్ చేసి మాట్లాడండి.